పెళ్లికార్డు మీద పేర్లకు ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ పనికొస్తుందా?

కార్డు_పని:
మా చెల్లి పెళ్లికార్డు నేనే డిజైన్ చేస్తున్నా. తెలుగు పేజీతో పేచీ లేదు, ఇంగ్లీషు పేజీ దగ్గరే ఆగిపోయాను. పేర్లు ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ అనే కలిపిరాత ఫాంట్‌లో పెడితే స్క్రీన్ మీద అదిరింది గానీ, మా పెదనాన్న అన్నీ క్యాపిటల్సే ఉండాలంటే అలా మార్చి చూశా, తీగలు అల్లుకున్న పందిరిలా తయారై ఒక్క ముక్క చదవడానికి రాలేదు. పైగా పేర్లు గోల్డ్ ఫాయిల్‌లో, అంటే బంగారు రంగు రేకు అద్దే అచ్చులో. ప్రెస్ ఆయన గీతలు మరీ సన్నం, పడవు అంటున్నాడు. ఫాంట్ మార్చేయాలా?

అక్షరాల_పిచ్చి:
ముందు పెదనాన్నని ఒప్పించండి, తప్పదు. ఈ రకం స్క్రిప్టులన్నీ ఇంగ్లండులో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో సాగిన రౌండ్‌హ్యాండ్ అనే గుండ్రటి కలిపిరాత నుంచి వచ్చినవే, అందులో పదం మొదట్లో క్యాపిటల్ ఒక్కటే సోకు చేసుకుని నిలబడుతుంది, మిగతావి చిన్నక్షరాలై ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. ఎడ్ బెంగ్వియాట్ అనే డిజైనర్ 1994లో ఐటీసీ అనే ఫాంట్ల కంపెనీకి చేసిన ఎడ్వర్డియన్ కూడా అంతే. ఇంకోటి, అక్షరాల మధ్య స్పేసింగ్ అస్సలు పెంచొద్దు, ఎన్ నుంచి ఐకి వెళ్లే ఆ వెంట్రుక లాంటి గీత మధ్యలో తెగి పేరు ముక్కలుగా కనిపిస్తుంది. చి.ల.సౌ. కూడా ఇంగ్లీషులో రాసి స్క్రిప్ట్‌లో పెట్టేవాళ్లున్నారు, దయచేసి వద్దు, అది తెలుగు పేజీలోనే అందం.

ప్రెస్_మనిషి:
మీ ప్రెస్ ఆయన చెప్పింది కరెక్టే. ఫాయిల్‌కి బ్లాక్, అంటే అచ్చుదిమ్మ చేస్తారు కదా, సన్నగీత దగ్గర రేకు సరిగ్గా అంటదు, గరుకు కాగితం అయితే మరీను. ఫాంట్ నచ్చితే ఉంచుకోండి, పేర్లు మాత్రం బాగా పెద్దవి చేయండి. కోరెల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి అదే రంగు ఔట్‌లైన్ కొంచెం ఇస్తే సన్నగీతలు లావెక్కుతాయి, ఎక్కువ ఇస్తే ఇంగ్లీషు ‘ఈ’, ‘ఓ’ అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి, చూసుకోండి. కర్వ్స్ చేయకుండా ఫైలు పంపితే, అవతల ఆ ఫాంట్ లేకపోతే పేర్లు ఏరియల్ లాంటి వేరే ఫాంట్‌లో పడతాయి. ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసు ఇలాంటివి స్క్రిప్ట్‌లో వద్దే వద్దు.

కార్డు_పని:
థాంక్స్ అండీ. డబ్బులు పెట్టకుండా దొరికేవి ఏమైనా ఉన్నాయా? ఈ ఎడ్వర్డియన్ పక్క ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నది.

అక్షరాల_పిచ్చి:
గ్రేట్ వైబ్స్, పిన్యన్ స్క్రిప్ట్ రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అచ్చుకూ వాడుకోవచ్చు. మీకు పిన్యన్ నప్పుతుంది, గ్రేట్ వైబ్స్ క్యాపిటల్స్‌కి మెలికలెక్కువ. మ్యాక్ ఉంటే స్నెల్ రౌండ్‌హ్యాండ్ అందులోనే వస్తుంది, మాథ్యూ కార్టర్ అనే డిజైనర్ 1960ల్లో ఫోటో టైప్‌సెట్టింగ్ కోసం, అంటే అక్షరాలను ఫిల్ము మీద ఫోటోగా కూర్చే పద్ధతి కోసం చేశాడు, సీసం అచ్చుల్లో ఈ కలిపిరాత అతుకులు కుదరడం చాలా కష్టమయ్యేది. ఏది పెట్టినా పెదనాన్నకి ఫోన్‌లో చూపించకండి, జూమ్ చేసి బాగుందంటారు. అసలు సైజులో ప్రింటు తీసి చేతికివ్వండి.