‘బైట్ ద బులెట్’కు తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఒక ఆంగ్ల వార్తను తెలుగు చేస్తుండగా, నష్టాలలో ఉన్న ఒక రవాణా సంస్థ ఎట్టకేలకు ‘బైట్ ద బులెట్’ (మాటకు మాటగా, తుపాకీ గుండును కొరకడం) చేసి ఛార్జీలు పెంచిందన్న వాక్యం తగిలింది. నేను ‘పంటి బిగువున ఛార్జీలు పెంచింది’ అని రాస్తే మా సంపాదకులు కొట్టివేశారు. రెండు భాషల్లోనూ పళ్ళున్నాయి కదా, మరి ఇందులో పొరపాటు ఎక్కడుందో, ఆ జాతీయం ఎలా పుట్టిందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
ఇది 1857 నాటి మాట. ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న అనుమానంతో సిపాయిలు వాటిని కొరకబోమన్నారు కదా. ఇష్టం లేని పనిని తప్పక చేయడమనే అర్థం అక్కడి నుంచి వచ్చిందని మా మాస్టారు చెప్పేవారు.

జవాబు 2:
ఆ కథ వినడానికి బాగుంటుంది గాని తేదీలు ఒప్పుకోవండీ. ఫ్రాన్సిస్ గ్రోస్ కూర్చిన వాడుకమాటల నిఘంటువు 1796 నాటి ముద్రణలోనే, కొరడా దెబ్బలు తినే సైనికులు కొందరు నోరు విప్పి అరవడం పరువు తక్కువగా భావించి సీసపు గుండును నమిలేవారని, అరిచినవాణ్ణి ‘నైటింగేల్’ (పాడే పిట్ట) అనేవారని ఉంది. పైగా సిపాయిలు కొరకవలసింది మందుగుండు చుట్టిన కాగితపు కొసనే గాని గుండును కాదు. 1891 నాటి కిప్లింగ్ నవల ‘ద లైట్ దట్ ఫెయిల్డ్’లో ఈ మాట, భయం బయటపడనీయవద్దని ధైర్యం చెప్పే సందర్భంలో వస్తుంది.

ఇక మీ సంపాదకులు చేసింది సరైన పనే. ‘పంటి బిగువున’ అన్నప్పుడు మనం బాధనో, దుఃఖాన్నో, ఆకలినో ఓర్చుకుంటాం, అంటే అందులో సహనమే తప్ప నిర్ణయం లేదు. నేటి ఆంగ్ల వాడుకలోనైతే, చాలాకాలం వాయిదా వేసిన చేదు పనికి చివరికి తామే పూనుకోవడం ముఖ్యం. పంటి నొప్పితో ఆరు నెలలు గడపడం ‘పంటి బిగువు’, ఆరు నెలల తరువాత డాక్టరు దగ్గరకు వెళ్ళి పన్ను పీకించుకోవడం ‘బైట్ ద బులెట్’. అదీగాక, ఛార్జీలు పెంచినప్పుడు పళ్ళు బిగించవలసినవాడు ప్రయాణికుడు!

మనిషి విషయంలో ‘గుండె దిటవు చేసుకొని’ అనవచ్చు. సంస్థకు గుండె ఉండదు కనుక ‘ఇక తప్పదని ఛార్జీలు పెంచింది’ అంటే చాలు.

జవాబు 3:
దీన్ని ‘బైట్ ద డస్ట్’తో కలపకండి. దానికి మన ‘మట్టి కరవడం’ అచ్చంగా సరిపోతుంది, కానీ అది ఓటమి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ‘ఇక తప్పదని’ అనే మార్చి పంపాను. ఈసారి కొట్టివేత లేదు.