'లక్షించుచున్' - 'వీక్షించుచున్': ఏది సరి?

గోరువంక: బడుల్లో పంచే కరపత్రం ఒకటి తెలుగులో రాస్తున్నాను. విషయం పిల్లల్లో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం కనబడే రుగ్మత. 'ప్రతి 20 మంది పిల్లల్లో సుమారు ఒకరికి' అనే వాక్యం దాకా సాఫీగా సాగి, పేరు దగ్గర ఆగిపోయాను. 'శ్రద్ధాలోపం' అంటే పిల్లవాణ్ణి మందలించినట్టుంది. రెండు రోజులుగా పోతన భాగవతంలో ప్రహ్లాదుడి గురించిన పద్యపాదం ఒకటి వెంటాడుతోంది: 'నిద్రాదులు సేయుచుం దిరుగుచున్ వీక్షించుచున్'. అన్ని పనులూ చేస్తూనే మనసు మరోచోట ఉన్న పిల్లవాడు. ఆ పద్యంలో పనికొచ్చే మాట ఉందా?

ఏటిగట్టు: 'వీక్షించుచున్' కాదు, 'లక్షించుచున్'. 'హాసలీలా' అన్న మాట విరిగి 'హాసలీ' పైపాదంలో ఆగి, ఈ పాదం 'లా'తో మొదలవుతుంది. శార్దూల వృత్తంలో పాదం మొదటి అక్షరంతో పదమూడో అక్షరం జత కుదరాలి, అదే యతి. అక్కడ 'వీ' పడితే యతి చెడుతుంది. గణాలు రెండింటికీ సరిపోతాయి కాబట్టి నాలుక పొరబడటం సహజమే.

కొండమల్లె: యతి సరే, అర్థం? లక్షించడం ఊరికే చూడటం కాదు, గుర్తెరిగి చూడటం. ప్రహ్లాదుడు లోకాన్ని గమనిస్తూనే మరిచాడు. ఆ పద్యం చివర వచ్చే 'మఱచెన్' అన్న మాటకు బలం అక్కడి నుంచే వచ్చింది. నా ఓటు 'లక్ష్యలోపం'.

ఏటిగట్టు: ఒప్పుకోను. లక్ష్యమంటే నేటి పాఠకుడికి గురి, ధ్యేయం. 'లక్ష్యపెట్టడు' అంటే ఖాతరు చేయడని. మళ్ళీ మందలింపే. అసలు ప్రహ్లాదుణ్ణి ఈ చర్చలోకి తేవడమే తగదు. 'చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ' అన్నవాడు! ఆ కందంలో నాలుగు పాదాలనూ చదువుతోనే ఎత్తుకున్న పోతనను ఎన్నిసార్లు తలచుకున్నా తనివి తీరదు.

తుమ్మెద: ధ్యాస నిలపడమని చెప్పే 'అవధానం' చేతిలోనే ఉండగా ఈ వెతుకులాట ఎందుకు? అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పనే ధ్యాస చెదరగొట్టడం. అవధాని అతనికీ జవాబు చెప్పి, వదిలిన పాదాన్ని వదిలినచోటే అందుకోవాలి. మా అబ్బాయికి కష్టమయ్యేది సరిగ్గా అదే. బొమ్మలు వేస్తే రెండు గంటలు కదలడు. ధ్యాస లేక కాదు, కావలసిన చోటికి మళ్ళించలేక. తొమ్మిదో ఏట నిర్ధారణ అయ్యేవరకు బడిలో మేము విన్నది ఒకటే మాట, 'శ్రద్ధ లేదు'.

కొండమల్లె: గోరువంక గారూ, 20లో ఒకరన్నది ఏ లెక్క? అమెరికాలో 2022 సర్వే ప్రకారం 3 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 11.4 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు నిర్ధారణ అయింది.

గోరువంక: ప్రపంచవ్యాప్తంగా జరిగిన 102 అధ్యయనాలను 2007లో కలిపి చూస్తే 5.29 శాతం తేలింది. అధ్యయనాల మధ్య తేడాలు చాలావరకు కొలిచే పద్ధతివే. లక్షణాలు 7 ఏళ్ళలోపే కనబడాలన్న అమెరికా మనోవైద్యుల నియమం 2013లో 12 ఏళ్ళకు మారింది. అలా గీత జరిపితే లెక్కలోకి వచ్చే పిల్లలూ మారతారు. గెంతులు వేయని అమ్మాయిల పరధ్యానం చాలాసార్లు ఎవరి కంటా పడదు.

కొండమల్లె: పరధ్యానం! అచ్చంగా వాడుకలో ఉన్న మాట. 'లక్ష్యలోపం' వెనక్కి తీసుకుంటున్నాను.

ఏటిగట్టు: పరధ్యానం అందరికీ ఉండేదే, రుగ్మత పేరుకు చాలదు. 'అవధాన లోపం' నిలుస్తుంది. 'లోపం' అనగానే జంకవద్దు. సంస్కృత వ్యాకరణకర్త పాణిని 'అదర్శనం లోపః' అన్నాడు. ఉండవలసినది కనబడకపోవడమే లోపం.

తుమ్మెద: మీరు చెప్పిన అర్థం నాకెంతో నచ్చింది. కానీ కరపత్రం అందుకునే తల్లికి 'లోపం' అన్న మాట అలా వినబడదు. నాకు వినబడలేదు.