‘గది’కి బదులు ఏ మాట ఎక్కడ వాడొచ్చు?

ప్రశ్న:
ఒకే పేరాలో ‘గది’ ఐదారుసార్లు వస్తోంది. నిఘంటువులో అర, కొట్టు, కక్ష, ప్రకోష్ఠం కనిపించాయి. వీటిలో ఏది పెట్టినా సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. ‘అర’ పాత కావ్యభాషలో గదే. ఇవాళ మాత్రం అల్మరాలోనో బల్లలోనో ఉండే భాగం. పైగా అరకిలో, అరగంటల్లో సగం కూడా. ‘కొట్టు’ అంటే సామాన్లు పెట్టే గది, లేదా దుకాణం. ‘కొట్టుగది’ అంటే ఆ తికమక ఉండదు. ‘కక్ష’ అసలొద్దు. సంస్కృతంలో గదే అయినా, ‘ఆయన కక్షలోకి వెళ్ళాడు’ అని రాస్తే పగ గుర్తొస్తుంది!

జవాబు 2:
ప్రకోష్ఠానికి మోచేతి కింది భాగం అనే అర్థమూ ఉంది. పౌరాణిక వాతావరణం కావాలంటే శయనాగారం, శయనమందిరం మేలు. ‘ఆగారం’ ఒంటరిగా నిలబడదు, ధనాగారం, కారాగారంలా సమాసంలోనే బతుకుతుంది. ‘శాల’ విశాలమైనచోటికే: పాకశాల, భోజనశాల. ఇద్దరు పట్టే వంటగదిని పాకశాల అంటే వెటకారంలా ఉంటుంది.

జవాబు 3:
గడితో కలపకండి. చదరంగంలో 64 గళ్ళు, గుండెలో 4 గదులు. వసారా, నడవ కూడా పర్యాయపదాలు కావు. ఒకటి ఇంటిని ఆనుకుని చూరు కింద ఉండే తెరపి చోటు, రెండోది నడిచే దారి.
అయినా పర్యాయపదాల వేటెందుకు? ‘గదిలోకి వెళ్ళి గది తలుపు వేశాడు’లో రెండో గది తీసేయండి, చాలు. లేదా పడగ్గది, ముందుగది అని విడమరచండి.