బ్యాడ్మింటన్ ఆడే మా అమ్మాయికి ఎలా నచ్చజెప్పాలి?

మేము సికింద్రాబాద్‌లో ఉంటాము. తొమ్మిదో తరగతి చదువుతూ బ్యాడ్మింటన్ నేర్చుకుంటున్న మా అమ్మాయి, భుజాలు మగపిల్లల్లా వెడల్పవుతున్నాయని బంధువులు అన్నప్పటి నుంచి రాత్రి అన్నం మానేసి, ఉక్కపోతలోనూ జెర్సీ మీద జాకెట్ తీయడం లేదు. స్మాష్‌కు (షటిల్‌ను పైనుంచి బలంగా కిందికి కొట్టే దెబ్బకు) బలం ఆ భుజాలదేనన్నా వినదు. క్రీడాకారిణుల ఆటకన్నా రూపాన్నే చూసే తీరు అంతటా ఉంది. ఆటకు ఆకర్షణ పెంచాలంటూ 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్యే మహిళలకు స్కర్టు తప్పనిసరి చేయబోయి, విమర్శలు రావడంతో 2012లో విరమించుకుంది (మగవాళ్ల నిక్కర్ల జోలికి మాత్రం పోలేదు). ఎదిగే వయసులో ఇంత సాధన చేస్తూ తిండి తగ్గిస్తే నెలసరి క్రమం తప్పి, ఎముకలు బలహీనపడతాయని నా భయం. ముందుగా క్రీడా పోషకాహార నిపుణులను కలవాలా, పిల్లల మానసిక వైద్యులనా? బంధువుల నోళ్లు మూయించడమెలా? ఈ దశ దాటిన క్రీడాకారిణులు, తల్లిదండ్రులు దయచేసి చెప్పగలరు.