ఇంప్లీడ్ అయ్యాడా, చేశారా, చేర్చారా?

అడిగినవారు: ఒక కోర్టు ఆర్డరు సారాంశాన్ని తెలుగులో రాసిపెట్టమన్నారు తెలిసినవాళ్లు. స్థలం నాదంటే నాదని ఇద్దరి మధ్య టైటిల్ దావా. తీరా చూస్తే రిజిస్టర్డ్ దస్తావేజు మూడో మనిషి పేరున ఉంది. వాది ఆయన్ని ఇంప్లీడ్ చేయమని, అంటే కేసులో పార్టీగా చేర్చమని పిటిషన్ వేస్తే కోర్టు ఒప్పుకుంది. 'భూయజమానిని కేసుకు జతపరిచారు' అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంది. 'కేసులోకి లాగారు' అంటే ఆయనేదో తప్పు చేసినట్టుంది. ఏం రాయమంటారు?

అనువాదాలు చేసే సభ్యురాలు: జతపరచడం కాగితాలకండి. అర్జీకి నకలు జతపరుస్తాం, మనిషిని చేరుస్తాం. 'రెండో ప్రతివాదిగా చేర్చారు' చాలు. 'అదనపు కక్షిదారు' వద్దు. లాయర్ల దగ్గర కక్షిదారంటే క్లయింటు, బయటివాళ్లకేమో అందులో కక్ష వినిపిస్తుంది.

హైదరాబాద్ సభ్యుడు: మా దిక్కు 'ఆయన్ను గూడ పార్టీ చేసిన్రు' అంటరు. 'పార్టీ చేసుకున్నరు' అంటే మాత్రం అది దావత్!

న్యాయవాది సభ్యుడు: మాట సంగతి సరే, క్రియ ఎవరిదో చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 10(2) ప్రకారం చేర్చేది కోర్టు. ఎవరైనా అడిగితే చేర్చవచ్చు, అడక్కపోయినా దావా ఏ దశలో ఉన్నా చేర్చవచ్చు. ఐ.ఏ. (దావా నడుస్తుండగా వేసే దరఖాస్తు) వేసిన రోజే 'ఇంప్లీడ్ అయ్యారు' అని రాసేస్తుంటారు. అప్పటికి జరిగింది కోరడమే. ఇది శైలి గొడవ కాదు. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 21 ప్రకారం, కొత్తగా చేర్చిన వ్యక్తి వరకూ దావా ఆయన్ని చేర్చిన రోజు వేసినట్టే లెక్క. పొరపాటు సద్భావంతో జరిగిందని కోర్టు నమ్మితే ముందు తేదీ ఇవ్వవచ్చు. గడువు దాటిందా లేదా అన్న వాదం ఆ తేదీ మీదే నడుస్తుంది.

అడిగినవారు: యజమాని తనంతట తాను వస్తే 'చేరారు' అనొచ్చా?

న్యాయవాది సభ్యుడు: కోర్టు ఒప్పుకున్నాక అనండి. ఎవరి మీద దావా వెయ్యాలో మామూలుగా వాది ఇష్టం, దావాకు యజమాని వాదే అంటారు. భూమికి యజమాని ఒకరు, దావాకు యజమాని ఇంకొకరు, అదీ తమాషా! కస్తూరి కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రశ్నే చూసింది. అది అమ్మకం అగ్రిమెంటు అమలు చేయించమన్న దావా. అగ్రిమెంటుతో సంబంధం లేకుండా భూమి నాదేనన్న మూడోవారిని అందులో చేర్చనక్కర్లేదంది, చేరిస్తే అది టైటిల్ దావాగా మారిపోతుందని. మీది మొదటినుంచీ టైటిల్ దావాయే కాబట్టి ఆ ఇబ్బంది లేదు. దస్తావేజుదారు లేకుండా ఇచ్చిన డిక్రీకి (దావాలో కోర్టు తుది నిర్ణయానికి) ఆయన కట్టుబడడు కూడా.

అనువాదాలు చేసే సభ్యురాలు: ఆర్డర్లో 'నెసెసరీ పార్టీ', 'ప్రాపర్ పార్టీ' రెండూ ఉంటే జాగ్రత్త. మొదటివారు లేకుండా సరైన డిక్రీ ఇవ్వడం కుదరదు. రెండోవారు ఉంటే విషయం పూర్తిగా తేలుతుంది, అంతే. రెండోదానికి 'ఉచిత పక్షం' అని రాసినవాళ్లున్నారు. చదివినవాళ్లు ఫీజు మాఫీ అనుకుంటారు! 'తగిన పక్షం' నయం.

అడిగినవారు: ఇలా మార్చాను: 'వాది పిటిషన్‌ను అనుమతించి, భూయజమానిని రెండో ప్రతివాదిగా చేర్చాలని కోర్టు ఆదేశించింది.'

న్యాయవాది సభ్యుడు: బాగుంది. ఆర్డరు తేదీ పక్కనే వేయండి. ప్లెయింటు (వాది వేసిన దావా పత్రం) సవరించి, దాని కాపీ కొత్త ప్రతివాదికి అందజేయాలన్న వాక్యం ఆర్డర్లో ఉంటే అదీ వదలకండి.