అప్‌డేట్: పత్రాల్లో పేర్లు, నంబర్లు తీసేయడానికి ఆన్‌లైన్ టూల్ వాడొచ్చా?

ఇంటర్వ్యూ పత్రాలను బయటి పరిశోధకులకు ఇచ్చే ముందు పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు తీసేయడానికి ఆన్‌లైన్ టూల్ వాడొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఏం చేశామో చెబుతాను.

అప్‌లోడ్ చేసే ఆలోచన మానుకున్నాం. దాచాల్సిన సమాచారాన్నే ముందుగా ఎవరిదో సర్వర్‌కి పంపడానికి మనసొప్పలేదు. మీలో ఒకరు సూచించిన ప్రెసిడియోని (మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఓపెన్ సోర్స్ టూల్) మా కంప్యూటర్‌లోనే నడిపాం. ఈమెయిళ్లు, కార్డు నంబర్ల లాంటివి బాగానే పట్టింది. ముద్దుపేర్లు మాత్రం చాలా వదిలేసింది. అందుకే ప్రతి పేజీ మళ్లీ ఒక మనిషి చదువుతున్నారు. ఇది తప్పదు.

అసలు చిక్కు పేర్లలో లేదు. పేరు తీసేసినా పుట్టినతేదీ, ఊరు, ఉద్యోగం కలిపి చూస్తే మనిషెవరో తెలిసిపోతుంది. జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), పుట్టినతేదీ, లింగం ఈ మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని గుర్తించే వీలుందని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో అంచనా వేశారు. అది చదివాక తేదీల బదులు వయసు పరిధి, ఊరి బదులు ప్రాంతం పెట్టాం. మాతో అంత నమ్మకంగా మాట్లాడినవాళ్ల విషయంలో ఇంతకన్నా తక్కువ చేయలేం.

పీడీఎఫ్‌లో నల్లగీత గీస్తే చాలదు, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే బయటపడతాయి. అందుకని అక్షరాలనే తొలగించాం, ఫైల్ తయారుచేసినవాళ్ల పేరున్న మెటాడేటా (ఫైల్ లోపల దాగి ఉండే వివరాలు) కూడా. పేర్లకు కోడ్‌లు ఇచ్చిన పట్టికను ఎన్‌క్రిప్ట్ చేసి వేరుగా దాచాం.

స్కాన్ చేసిన చేతిరాత పేజీలు ఇంకా మిగిలాయి. వాటిని ఎవరికీ ఇవ్వడం లేదు.