‘ఇన్‌క్లినాయ్’ చివర ‘స్’ ఉందా?

— పోర్చుగీసు కవి కమోయిస్ కావ్యం ‘లుజీయదస్’ మొదటి సర్గలో రాజును వేడుకునే పాదం ఒకటి నోట్లో ఆడుతోంది: ‘ఇన్‌క్లినాయిస్ పోర్ ఉం పోకు ఆ మజెస్తాదె’ (మీ రాజసాన్ని కాస్త వంచండి). ఆ ‘స్’ దగ్గరే అనుమానం. పైగా ఎదుట ఉన్నది ఒక్క రాజు, బహువచన క్రియ ఎందుకు?

— 9వ పద్యం. ‘ఇన్‌క్లినాయ్’, ‘స్’ లేదు. ఉన్నా లేకున్నా పది అక్షరాలే కాబట్టి ఛందస్సు తేల్చదు, వ్యాకరణమే తేల్చాలి. విధ్యర్థకానికి వోస్ (‘మీరు’) వర్తమాన రూపంలో చివరి ‘స్’ కొట్టేయాలి: అమాయిస్ (ప్రేమిస్తున్నారు)–అమాయ్, దిజేయిస్ (చెబుతున్నారు)–దిజేయ్. ‘సోయిస్’ ఒక్కటే మాట వినదు, ‘సేదె’ అవుతుంది. వద్దనేటప్పుడు ‘స్’ తిరిగొస్తుంది. క్యాథలిక్కుల పరలోక ప్రార్థనలో రెండూ ఉన్నాయి: ‘పెర్దోఆయ్’ (క్షమించండి), వద్దనేచోట ‘దెయిషేయిస్’.

— సర్వనామం తగిలినప్పుడు చూడండి తమాషా. ‘అమాయిస్’ పక్కన ‘ఉ’ (వాణ్ని) చేరితే ‘స్’ పోయి ‘అమాయ్-లు’, వాణ్ని ప్రేమిస్తున్నారు. ‘అమాయ్-ఉ’ అంటే ప్రేమించండి. ‘ల’ ఒక్కటే తేడా.

— అసలు తగువు ‘ద’తో. లాటిన్ ‘అమాతిస్’, పాత పోర్చుగీసు ‘అమాదెస్’, 15వ శతాబ్దంలో ‘ద’ రాలి ‘అమాయిస్’. అనునాసికం, ‘ర్’ వెనక మాత్రం నిలిచింది: తెందెస్, విందెస్, అమార్దెస్. 4వ పద్యంలోనే ‘తెందెస్ ఎం మిం’ ఉంది.

— మరి ‘వేదెస్’ (చూస్తున్నారు)లో ‘ద’ రెండచ్చుల మధ్యే ఉందిగా, రాలలేదేం మాస్టారూ?

— రాలితే ‘వేస్’ అయి తు (‘నువ్వు’) రూపంలో కలిసిపోయేది. చిన్న ధాతువులకు ఆ ‘దె’యే ప్రాణరక్ష అని నా లెక్క.

— బహువచనం సంగతికొస్తే, మన ‘మీరు’ లాంటి గౌరవమే. బ్రెజిల్ మాటల్లోంచి వోస్ ఎప్పుడో పోయింది, ‘వోసేస్’ అంటారు. ఉత్తర పోర్చుగల్ పల్లెల్లో ఇంకా ఉంది, అయితే అక్కడది గౌరవం కాదు, ఉత్త బహువచనం.

— గౌరవమే అయితే 3వ సర్గ 127లో రాకుమారుడి ప్రియురాలు ఇనెస్, చావు ముంగిట నిలబడి, తనను చంపించబోయే అఫోన్సు రాజును ‘ఓ తు’ అంటుందేమండీ? మన తెలుగు క్రైస్తవులు దేవుణ్ని ‘నీ నామము’ అన్నట్టు!

— పాత్రలు లాటిన్ పురాణకవుల ఫక్కీలో మాట్లాడతాయి, అక్కడ ఒక్కరికి ‘తు’యే. కవి మాత్రం ఆస్థానం మాట మాట్లాడాడు.

— ఆ పద్యంలోనే ‘జెస్తు’ చూశారా? మొదటి సర్గ 9లోనూ ‘తెన్రు (లేత) జెస్తు’. రెండుచోట్లా ముఖమే, సైగ కాదు. కావ్యం అచ్చయిన 1572లో, కవి వేడుకున్న రాజు సెబస్తియావుంకి 18 ఏళ్లు, లేత మొహమే మరి.

— ముఖం సరే. ఇనెస్ తన పిల్లల్ని చూపించి బతిమాలుకుంటోందండీ, ఆ నోట ‘తు’ లాటిన్ ఫక్కీ అంటే నేనొప్పను.